దించిన కారుకు క్యాంబర్, ఫిట్‌మెంట్ కుదర్చడం ఎలా

కారును కిందికి దించే పనికి ఒక వరస ఉంది. ముందు ఎత్తు, తర్వాత చక్రం, టైరు కొలత, ఆ పైన క్యాంబర్ (చక్రం నిలువు వాలు), అన్నిటికంటే ఆఖర్న టో (చక్రాలు ముందుకు చూసే కోణం). ఎత్తు మారితే క్యాంబర్ మారుతుంది, క్యాంబర్ మారితే టో మారుతుంది. టో సరిచేసినంత మాత్రాన ఎత్తు మారదు. అందుకే వరస తప్పినవాళ్లు ఒకే పనికి రెండు మూడుసార్లు డబ్బు కడతారు.

ఇంకో సంగతి మొదటే చెప్పాలి. టైరు ఫెండర్‌కు (చక్రం పైనున్న బాడీ రేకుకు) రాసుకుంటోందని క్యాంబర్ పెంచి చక్రాన్ని లోపలికి వంచేస్తే అది ఫిట్‌మెంట్ (చక్రం, టైరు ఫెండర్ లోపల సరిగ్గా కుదరడం) కాదు. ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో ఆ కొలత) తప్పిన రిమ్ము కొన్నారు, దాన్ని క్యాంబర్‌తో కప్పిపెడుతున్నారు, అంతే. క్యాంబర్ ఉన్నది మలుపులో టైరు రోడ్డును పట్టుకోవడానికి. చోటు సరిపెట్టుకోవడానికి రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్, టైరు సైజు వేరే ఉన్నాయి.

ఇక్కడ రాసిందంతా విజయవాడ, గుంటూరు రోడ్ల మీద ఎక్కువగా తిరిగే కార్లకు వర్తిస్తుంది: ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకటిగా ఉండే నిలువు కాలు), వెనుక టోర్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలను కలిపే అడ్డ దూలం). స్విఫ్ట్, బలెనో, ఐ20, హోండా సిటీ, పోలో అన్నీ ఈ కోవలోవే. క్యాంబర్ అంటే కారుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం నిలువు నుంచి ఎంత వంగి ఉందో ఆ కోణం. పై అంచు లోపలికి వాలితే మైనస్, బయటికి వాలితే ప్లస్. పైనుంచి చూసినప్పుడు ఎడమ, కుడి చక్రాల ముందు అంచులు దగ్గరగా ఉంటే టో-ఇన్, దూరంగా ఉంటే టో-అవుట్.

నేల, సామాను

అపార్ట్‌మెంట్ పార్కింగ్ నేలను నీళ్లు పోయేలా వాలుగా పోస్తారు. ఆ వాలు మీద కొలిస్తే ఒక పక్క క్యాంబర్ ఎక్కువగా, రెండో పక్క తక్కువగా కనిపిస్తుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య 1,450 మి.మీ. ఉన్న కారుకు నేలలో 5 మి.మీ. తేడా ఉంటే చాలు, రీడింగులో 0.2 డిగ్రీ తప్పు చేరిపోతుంది. మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపుతో నాలుగు చక్రాల చోట్లా నేల ఎత్తు చూసి, పల్లంలో ఉన్న చక్రం కింద పలకలు పేర్చి సమం చేయండి.

జాకీ దించగానే టైరు నేలను పట్టుకుని సస్పెన్షన్‌ను పూర్తిగా కూర్చోనివ్వదు. అందుకని ముందు చక్రాల కింద జారే పలకలు కావాలి. రెండు నున్నటి ఫ్లోర్ టైల్స్‌ను మెరుపు వైపులు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో గ్రీజు పూస్తే పని జరుగుతుంది. టైలు కింద ఇసుక రేణువు ఉన్నా పగులుతుంది, నేల తుడిచి పెట్టండి. రేకు ముక్కలైతే పగిలే భయం లేదు.

మిగతా సామాను: హైడ్రాలిక్ జాకీ, రెండు జాక్ స్టాండ్లు, 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల వరకు చూపే టార్క్ రించ్, 0.1 డిగ్రీ వరకు చదివే డిజిటల్ యాంగిల్ గేజ్, రిమ్ము అంచు నుంచి అంచుకు ఆనేంత అల్యూమినియం బాక్స్ సెక్షన్ ముక్క, టేపు, వెర్నియర్, సాగని నైలాన్ దారం, తెల్ల పెయింట్ మార్కర్, పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే ఒక ముద్ద. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కింద చెయ్యి పెట్టవద్దు.

1. ముందు వదులు చూడండి

అరిగిన బుష్‌ల (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు గొట్టాల) మీద ఎంత బాగా సరిచేసినా మొదటి గుంతలోనే లెక్క తప్పుతుంది. చక్రం లేపి, గడియారంలో 12, 6 ఉండే చోట్ల రెండు చేతులతో పట్టుకుని ఊపండి. కదిలితే వీల్ బేరింగ్ గానీ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చేయి) బాల్ జాయింట్ గానీ పోయింది. 9, 3 దగ్గర ఊపితే కదలిక వస్తే టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) ఎండ్. లోయర్ ఆర్మ్ వెనుక బుష్ రబ్బరు చీలిందేమో టార్చి వేసి చూడండి. బ్రేకు నొక్కినప్పుడు ఆర్మ్ వెనక్కి జరిగి టో మారిపోయేది దీనివల్లే. స్ట్రట్ పై మౌంట్ చూడాలంటే కారు నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే మీరు బానెట్ కింద మౌంట్ మీద చెయ్యి వేసి ఉంచండి. కటకటలాడితే మార్చాల్సిందే. కొత్త స్ప్రింగులు వేసేటప్పుడు స్ట్రట్ ఎలాగూ విప్పుతారు కాబట్టి మౌంటూ బేరింగూ అప్పుడే కొత్తవి వేయించండి, రెండోసారి కూలీ మిగులుతుంది.

2. ఎత్తు ఖాయం చేయడం

నేల నుంచి ఫెండర్‌కు కొలవకండి. హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) మధ్య నుంచి నిలువుగా ఫెండర్ అంచు వరకు కొలవండి. గాలి తగ్గినా, టైరు మారినా ఈ కొలత మారదు. దించక ముందు నాలుగు మూలలా రాసిపెట్టుకోండి.

ఎంత దించాలి? రోజూ ఆఫీసుకు, పిల్లల్ని బడికి తీసుకెళ్లే కారుకు 30 మి.మీ., మహా అయితే 35. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కాలనీల్లో రాత్రికి రాత్రి పోసుకున్నవి ఆ వెడల్పులో సగం కూడా ఉండవు. 163 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న స్విఫ్ట్‌ను 40 దించితే మిగిలేది 123. వెనుక ముగ్గురు కూర్చుంటే అది ఇంకా తగ్గుతుంది. ఆ పైన వానాకాలం ఉంది: గుంటూరు మూడు వంతెనల దగ్గర నీళ్లు నిలిచినప్పుడు మామూలు కారే ఆలోచించి దిగుతుంది. దించిన కారుకు బంపర్ వెనకాల గాలి పీల్చుకునే గొట్టం మూతి కూడా అంతే కిందికి వచ్చిందని మరచిపోవద్దు.

రోడ్డు ఒక కారణమైతే సస్పెన్షన్ లెక్క ఇంకో కారణం. ఎత్తు సెట్ చేశాక కింద చూడండి: లోయర్ ఆర్మ్ లోపలి పివట్ కంటే బయటి బాల్ జాయింట్ పైకి వెళ్లిందా? ఆర్మ్ నేలకు సమాంతరంగా ఉండేంత వరకు దించడం ఒక ఎత్తు, దాన్ని దాటి దించడం ఇంకో ఎత్తు. మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో చక్రం పైకి లేచే కొద్దీ మొదట్లో క్యాంబర్ మైనస్ వైపు పెరుగుతుంది. ఆర్మ్ బాగా పైకి తిరిగాక పెరగడం ఆగి, తగ్గడం మొదలవుతుంది. అంటే సరిగ్గా మలుపులో బయటి టైరుకు క్యాంబర్ అవసరమైనప్పుడే అది పోతుంది. పైగా రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాడీ దిగినదానికంటే ఎక్కువ దిగిపోతుంది కాబట్టి కారు మలుపులో ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. 60 మి.మీ. దించిన కారు మామూలు కారు కంటే అధ్వానంగా తిరగడానికి కారణం ఇదే. స్ప్రింగు గట్టిపరిచి దీన్ని కొంత దాచవచ్చు. అప్పుడు ఆ కుదుపు నడుముకు తెలుస్తుంది.

స్ప్రింగును కోయించడం, వేడి చేసి కూర్చోబెట్టించడం రెండూ వద్దు. కోసిన చివర స్ప్రింగు సీటులో కుదురుగా కూర్చోదు. చక్రం గాలిలోకి లేచినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరిగే ప్రమాదం ఉంది. వేడి చేసిన ఉక్కు పదును పోయి నెలనెలా ఇంకా కూర్చుంటూనే ఉంటుంది. మీ మోడల్‌కే చేసిన లోయరింగ్ స్ప్రింగులు గానీ, ఎత్తు సవరించుకునే కాయిలోవర్లు గానీ తీసుకోండి. లోయరింగ్ స్ప్రింగులతో పాటు బంప్ స్టాప్ (సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకుంటే తగిలే రబ్బరు ముక్క) ఎంత తగ్గించాలో తయారీదారు కాగితంలో ఇస్తాడు, అంతే తగ్గించండి. తగ్గించకపోతే సస్పెన్షన్ ఎప్పుడూ రబ్బరు మీదే కూర్చుని ఉంటుంది, ఫ్లైఓవర్ జాయింట్ దాటిన ప్రతిసారీ దబ్‌మంటుంది.

ఇప్పుడు చాలా షెడ్లలో వదిలేసే పని. లోయర్ ఆర్మ్ పివట్ బోల్టులు, వెనుక బీమ్ బోల్టులు కారు గాలిలో ఉండగా బిగించకూడదు. వీటి రబ్బరు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. బిగించినప్పుడు ఏ కోణంలో ఉందో అదే దాని విశ్రాంతి స్థితి. చక్రం వేలాడుతుండగా బిగించి కారు దించితే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, త్వరగా చీలుతుంది. కొత్త ఎత్తులో, చక్రాల మీద బరువు ఉండగా బోల్టులు వదులు చేసి, కారును నాలుగైదుసార్లు నొక్కి వదిలి, అప్పుడు టార్క్‌కు బిగించండి.

3. చక్రం లెక్క

రిమ్ము కొనేముందు నాలుగు సంగతులు రాసుకోండి: పీసీడీ (నట్లు ఎన్ని, అవి ఉన్న వృత్తం వ్యాసం ఎంత), సెంటర్ బోర్ (రిమ్ము మధ్య రంధ్రం), నట్టు మర, ఆఫ్‌సెట్. స్విఫ్ట్, సిటీ, ఐ20 మూడింటికీ పీసీడీ 4×100. కానీ సెంటర్ బోర్ సుజుకీ, హ్యుందాయ్‌లకు 54.1, హోండాకు 56.1. నట్టు మర సుజుకీకి ఎం12×1.25, హోండా, హ్యుందాయ్‌లకు ఎం12×1.5. పోలోకు 5×100, బోర్ 57.1, నట్టుకు బదులు ఎం14×1.5 బోల్టు. బయట దొరికే అల్లాయ్‌లకు బోర్ పెద్దగా ఉంటుంది; మధ్యలో హబ్ రింగ్ వేయకపోతే చక్రం నట్ల మీదే సెంటర్ అవ్వాలి, 80 దాటాక స్టీరింగ్ వణికేది తరచుగా దీనివల్లే. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు.

ఆఫ్‌సెట్ రిమ్ము లోపలి వైపు ఈటీ అని పోసి ఉంటుంది. హబ్‌కు ఆనే ముఖం, రిమ్ము నడిమి గీతకు ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో ఆ సంఖ్య. లెక్క తేలిక. వెడల్పును మిల్లీమీటర్లలోకి మార్చి సగం చేయండి. సగానికి ఈటీ కలిపితే హబ్ ముఖం నుంచి లోపలికి ఎంత, సగంలోంచి ఈటీ తీసేస్తే బయటికి ఎంత.

ఇప్పుడున్నది 5.5 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకుందాం. సగం 69.85, లోపలికి 114.85, బయటికి 24.85. కొనాలనుకుంటున్నది 7 అంగుళాలు, ఈటీ 35. సగం 88.9, లోపలికి 123.9, బయటికి 53.9. అంటే రిమ్ము లోపలి వైపు 9 మి.మీ., బయటి వైపు 29 మి.మీ. జరుగుతుంది. ఆ 29 దగ్గరే చాలామంది ఫెండర్ మడతకు చిక్కుతారు. అదే 6.5 అంగుళాలు, ఈటీ 42 తీసుకుంటే లోపలికి 9.7, బయటికి 15.7 మాత్రమే. చూపుకు పెద్ద తేడా ఉండదు, పనికి ఎంతో తేడా.

ఇది రిమ్ము అంచు లెక్క. టైరు ఉబ్బు వేరు: అదే టైరును అర అంగుళం ఎక్కువ వెడల్పు రిమ్ముకు ఎక్కిస్తే టైరు మొత్తం వెడల్పు సుమారు 5 మి.మీ. పెరుగుతుంది. స్ట్రట్‌కు దగ్గరగా వచ్చేది మామూలుగా టైరు, బ్రేకు క్యాలిపర్‌కు దగ్గరగా వచ్చేది రిమ్ము. రెండూ విడివిడిగా చూసుకోవాలి. స్ట్రట్‌కు, టైరుకు మధ్య 5 మి.మీ. కంటే తక్కువ ఉండకూడదు.

టైరు బయటి వ్యాసం పాతదానికి దగ్గరగా ఉంచండి. 185/65 ఆర్15 వ్యాసం 621.5 మి.మీ. 195/55 ఆర్16 తీసుకుంటే 620.9, దాదాపు సమానం. 205/45 ఆర్17 అయితే 616.3. సన్నటి టైరును వెడల్పు రిమ్ముకు లాగి ఎక్కించే పద్ధతి ఒకటుంది, మన రోడ్లకు అది పనికిరాదు. 185/65 టైరు 5 నుంచి 6.5 అంగుళాల రిమ్ము కోసం, 195/55 టైరు 5.5 నుంచి 7 అంగుళాల కోసం తయారైంది. దాటితే గుంతలో పడ్డప్పుడు రిమ్ము అంచును కాపాడాల్సిన టైరు గోడ పక్కకు లాక్కుపోయి ఉంటుంది, ముందు రిమ్మే తగులుతుంది. లోడ్ ఇండెక్స్ కూడా చూడండి: 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు, 87 అంటే 545, 84 అంటే 500. కంపెనీ ఇచ్చిన సంఖ్యకు తగ్గకండి.

స్పేసర్ (హబ్‌కు, రిమ్ముకు మధ్య పెట్టే పలక) వాడక తప్పకపోతే హబ్ మీద సెంటర్ అయ్యేదే తీసుకోండి. బిగించేటప్పుడు నట్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మర కనీసం స్టడ్ మందమంత లోతు పట్టాలి: ఎం12×1.25 అయితే 10 చుట్లు, ఎం12×1.5 అయితే 8. తక్కువైతే పొడుగు స్టడ్లు వేయించే వరకు ఆ స్పేసర్ పక్కన పెట్టేయండి.

చక్రం ఎక్కించాక క్లే పరీక్ష. ఫెండర్ లోపలి మడత మీద, లైనర్ మీద, స్ట్రట్ మీద చిన్న చిన్న ముద్దలు అంటించండి. వెనుక ఇద్దరు పెద్దవాళ్లను కూర్చోబెట్టి, రెండు వైపులా స్టీరింగ్ చివరి దాకా తిప్పుతూ నెమ్మదిగా స్పీడ్ బ్రేకర్‌ను కొంచెం ఏటవాలుగా దాటండి. ముద్ద ఎక్కడ నలిగిందో అక్కడ తగులుతుంది, మిగిలిన మందాన్ని వెర్నియర్‌తో కొలిస్తే ఎంత సందు ఉందో తెలుస్తుంది. ఫెండర్ మడతను రోలర్‌తో లోపలికి మడిపించవచ్చు. హీట్ గన్‌తో పెయింట్ వేడెక్కించి, రెండు మూడు విడతల్లో కొంచెం కొంచెంగా మాత్రమే. చల్లగా ఉండగా ఒక్కసారే మడిస్తే పెయింట్ చిట్లి, కృష్ణ ఒడ్డు తేమకు ఒక వానాకాలంలోనే తుప్పు మొదలవుతుంది.

4. క్యాంబర్ కొలవడం

టైర్ల గాలి పొద్దున్నే, చల్లగా ఉండగా సరిచేయండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు 2 పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి మే నెల మధ్యాహ్నం పెట్టిన గాలికి అర్థం లేదు. సగం ట్యాంకు పెట్రోలు ఉంచండి, డ్రైవర్ సీట్లో మనిషి బరువుకు సరిపడా రెండు బియ్యం బస్తాలు పెట్టండి. స్టీరింగ్ నిటారుగా ఉంచి, ముందు వెనుకలు నొక్కి వదలండి.

అల్యూమినియం ముక్కను రిమ్ము పై అంచుకు, కింది అంచుకు ఆనించి, దాని మీద గేజ్ పెట్టండి. ఒక రీడింగ్ తీసుకుని, చక్రం అర చుట్టు తిరిగేలా కారును తోసి మళ్లీ తీయండి. రెండింటి సగటే మీ క్యాంబర్. రిమ్ము వంకర ఉంటే ఇలా తేలిపోతుంది. గేజ్ లేకపోతే మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు చాలు. ఫెండర్ నుంచి దారం వదిలి, రిమ్ము పై అంచుకూ దారానికీ ఎంత, కింది అంచుకూ దారానికీ ఎంత కొలవండి. 15 అంగుళాల రిమ్ముకు ఒక డిగ్రీ అంటే పైకి, కిందికి 6.6 మి.మీ. తేడా. 16 అంగుళాలకు 7.1, 17కు 7.5.

రోజువారీ కారుకు ముందు చక్రాలు మైనస్ 1.0 నుంచి మైనస్ 1.5. మలుపుల్లో పట్టు కావాలనుకుంటే మైనస్ 2.0. దాన్ని దాటితే నిటారుగా బ్రేకు కొట్టినప్పుడు టైరు లోపలి సగం మీదే భారం పడుతుంది, వానలో ఆగే దూరం పెరుగుతుంది. ఎడమ, కుడి తేడా 0.3 లోపు ఉంచండి. కారు ఎప్పుడూ ప్లస్‌కు దగ్గరగా ఉన్న చక్రం వైపు లాగుతుంది. మన రోడ్లు ఎడమకు వాలుతాయి కాబట్టి ఎడమ చక్రానికి 0.2 ఎక్కువ మైనస్ ఇస్తే ఆ లాగుడు కొంత సమం అవుతుంది.

5. క్యాంబర్ సవరించడం

స్ట్రట్ కింది భాగం స్టీరింగ్ నకిల్‌కు (హబ్‌ను మోసే ముక్కకు) రెండు బోల్టులతో బిగించి ఉంటే క్యాంబర్ బోల్టులు (నడుమ ఒక ఉబ్బు ఉన్న బోల్టులు) పనిచేస్తాయి. కొన్ని యూరోపియన్ కార్లలో స్ట్రట్ నకిల్ రంధ్రంలోకి దిగి, పట్టీలా బిగుస్తుంది. వాటికి ఈ బోల్టులు పట్టవు, పైనుంచి క్యాంబర్ ప్లేటే (స్ట్రట్ పై కొసను లోపలికి జరిపే పై మౌంట్) దారి.

బోల్టు కొనేముందు ఉన్న బోల్టుల్లోనే ఎంత వస్తుందో చూడండి. రెండు నట్లూ వదులు చేసి, హబ్ పై భాగాన్ని లోపలికి నెట్టి పట్టుకుని బిగిస్తే రంధ్రాల్లోని సందు వల్లే చాలా కార్లలో 0.3 నుంచి 0.5 డిగ్రీ వస్తుంది. చాలామందికి అంతకు మించి అవసరం పడదు.

సరిపోకపోతే ఇలా చేయండి. చక్రం తీసి, నకిల్, స్ట్రట్ కలిసే చోట పెయింట్ మార్కర్‌తో గీత గీయండి. బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు స్ట్రట్ బ్రాకెట్ నుంచి విడిపించండి. నకిల్ కింద చిన్న జాకీ ఆన్చండి. ఆన్చకపోతే అది బయటికి ఒరిగి డ్రైవ్ షాఫ్ట్ జాయింట్‌ను లాగేస్తుంది. పై బోల్టు తీసి, ఆ చోట క్యాంబర్ బోల్టు వేయండి. కిట్ కాగితం కింది రంధ్రం అని చెబితే కింది రంధ్రమే. బోల్టు తలను తిప్పుతుంటే మధ్యలోని ఉబ్బు నకిల్‌ను లోపలికో బయటికో నెడుతుంది. కావలసిన చోట తలను స్పానర్‌తో కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి. టార్క్ కిట్‌లో ఇచ్చినదే. క్యాంబర్ బోల్టు నడుము సన్నం, కంపెనీ బోల్టుకు పెట్టే టార్క్ పెడితే సాగుతుంది. ఇంపాక్ట్ గన్ ఇక్కడ వాడనే వాడకూడదు. నట్లు కొత్తవి వేయండి.

ఒక తిరకాసు ఉంది, చాలామంది గమనించరు. క్యాంబర్ బోల్టుతో నకిల్ స్ట్రట్ వైపు వాలుతుంది కాబట్టి టైరుకు, స్ట్రట్‌కు మధ్య సందు తగ్గుతుంది. పైన క్యాంబర్ ప్లేటుతో అయితే స్ట్రట్, చక్రం కలిసే వాలుతాయి, ఆ సందు మారదు. కాబట్టి లోపల చోటు ఇప్పటికే 6, 7 మి.మీ. మాత్రమే ఉంటే బోల్టుతో మొదలుపెట్టకండి. ప్లేటుకు దాని కష్టం దానికుంది: రబ్బరుకు బదులు లోహపు బేరింగ్ ఉంటుంది, దుమ్ము, వాన నీరు చేరితే ఏడాది తిరక్కుండానే టకటకలాడుతుంది.

స్ట్రట్ రంధ్రాన్ని గ్రైండర్‌తో కోడిగుడ్డు ఆకారంలో పొడిగించి ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఒప్పుకోకండి. అప్పుడు క్యాంబర్‌ను ఆపేది బోల్టు బిగింపు ఒక్కటే. గుంతలో బలంగా పడితే అది జారుతుంది. జారేది బ్రేకు మీద కాలు ఉన్నప్పుడే, ఆ క్షణంలోనే కారు పక్కకు లాగుతుంది.

వెనుక బీమ్‌కు సవరణ లేదు. ఒక చక్రం తేడాగా ఉంటే ముందు బీమ్ వంగిందేమో చూడండి, ఫుట్‌పాత్‌కు గుద్దిన బండ్లలో ఇది మామూలే. మార్చాల్సి వస్తే స్టబ్ యాక్సిల్‌కు, బీమ్ ఫ్లాంజ్‌కు మధ్య ఏటవాలు షిమ్ వేస్తారు. మందం కిందికి వస్తే చక్రం పై అంచు లోపలికి వాలుతుంది, మందం వెనక్కి వస్తే టో-ఇన్ వస్తుంది. 1.5 డిగ్రీ దాటి వేయకండి. షిమ్ బదులు రెండు బోల్టుల కింద వాషర్లు పెట్టే అలవాటు ప్రమాదం: ఫ్లాంజ్ మొత్తం ఆనదు, బరువంతా బోల్టు వంపు మీద పడి ఒకనాడు తెగుతుంది. షిమ్ వేశాక బోల్టు మర చివరి దాకా పట్టిందో లేదో, ఏబీఎస్ సెన్సర్ సందు మారిందో లేదో చూడాలి.

చక్రం ఎక్కించి ఎం12 నట్లను సుమారు 100 న్యూటన్ మీటర్లకు, పోలో బోల్టులను 120కి, ఎదురెదురు వరసలో బిగించండి.

6. టో

దించిన కార్లలో లోపలి అంచు అరిగిపోతే అందరూ క్యాంబర్‌ను తిడతారు. మైనస్ 1.5 క్యాంబర్ ఒక్కటే టైరును అంత తొందరగా తినదు. దించినప్పుడు టై రాడ్ కోణం మారి వచ్చిన టో-అవుట్‌ను సరిచేయకుండా వదిలేస్తే, క్యాంబర్ వల్ల ఇప్పటికే బరువు పడుతున్న ఆ లోపలి అంచును అది రోడ్డు మీద పక్కకు ఈడుస్తుంది. రెండూ కలిస్తే కొత్త టైరు కొన్ని వేల కిలోమీటర్లకే తీగ బయటపడుతుంది.

కారుకు రెండు పక్కలా, హబ్ ఎత్తులో, ముందు నుంచి వెనక్కి దారం కట్టండి. ముందు హబ్‌ల నుంచి రెండు దారాలకూ సమాన దూరం, వెనుక హబ్‌ల నుంచి కూడా అలాగే ఉండేలా జరపండి. ముందు, వెనుక ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) వేరువేరు కాబట్టి ముందు దూరం, వెనుక దూరం ఒకటే ఉండక్కర్లేదు. ఎడమ, కుడి సమానంగా ఉండాలి. ఆపై ప్రతి చక్రానికీ రిమ్ము ముందు అంచు నుంచి, వెనుక అంచు నుంచి దారానికి దూరం కొలవండి. ముందు అంచు దూరం ఎక్కువ ఉంటే టో-ఇన్. 15 అంగుళాల రిమ్ము మీద 1 మి.మీ. అంటే 0.15 డిగ్రీ.

ముందు చక్రాలకు మొత్తం మీద సున్నా నుంచి 1 మి.మీ. టో-ఇన్ పెట్టండి. టై రాడ్ లాక్ నట్ వదులు చేసి, రబ్బరు బూటు క్లిప్ తీసి (లేకపోతే బూటు మెలిపడి చిరుగుతుంది), రెండు పక్కలా సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పండి. ఒక్క పక్కే తిప్పితే టో వస్తుంది గానీ స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. ప్రతిసారీ కారును ముందుకు వెనక్కి ఒక మీటరు తోసి మళ్లీ కొలవండి.

ఇంటి దగ్గర ఇంత చేసినా ఒకసారి ఆటోనగర్‌లో కంప్యూటర్ అలైన్‌మెంట్ మీద ఎక్కించడం మంచిది. అక్కడ మూడు సంగతులు అడిగి చేయించుకోండి. ఒకటి, రన్-అవుట్ (రిమ్ము, క్లాంపుల వంకర) సరిచేసుకోవడం; క్లాంపు తగిలించి చక్రం తిప్పకుండా రీడింగ్ తీస్తే ఆ అంకెలు నమ్మకండి. రెండు, యంత్రం ఎర్రగా చూపించేది కంపెనీ ఎత్తుకు సంబంధించిన హద్దు, దాన్ని పచ్చగా చేయడం కోసం క్యాంబర్ మార్చవద్దని, మీ అంకెలు కాగితం మీద రాసి ఇవ్వండి. చాలా యంత్రాలు డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తాయి: మైనస్ 1.5 డిగ్రీ అంటే మైనస్ 1 డిగ్రీ 30 నిమిషాలు. మూడు, ముందు, తర్వాత రెండు ప్రింట్లూ తీసుకోండి. ఈఎస్‌పీ (కారు జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న కారైతే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ జీరో చేయించండి.

7. రోడ్డు మీద చూసుకోవడం

మంగళగిరి దాటాక జాతీయ రహదారి 16 నిటారుగా, చదునుగా దొరుకుతుంది. ట్రాఫిక్ లేని పొద్దుటి పూట 60లో స్టీరింగ్ మీద చేతులు తేలిగ్గా ఉంచి చూడండి. నిలకడగా ఒకే వైపు లాగితే ముందు రెండు టైర్లను పక్కలు మార్చండి. లాగుడు కూడా పక్క మారితే తప్పు టైరుది, మారకపోతే క్యాంబర్‌ది లేదా క్యాస్టర్‌ది (పక్క నుంచి చూస్తే స్ట్రట్ వెనక్కి వాలిన కోణానిది). కారు గాడిలో పడినట్టు అటూ ఇటూ వెతుక్కుంటే టో-అవుట్. స్టీరింగ్ మలుపు తర్వాత తనంతట తాను మధ్యకు రాకపోతే పై మౌంట్ బేరింగ్ పట్టేసింది. బ్రేకు కొట్టినప్పుడు మాత్రమే లాగితే మళ్లీ లోయర్ ఆర్మ్ బుష్ చూడండి.

50 నుంచి 100 కిలోమీటర్ల లోపు చక్రం నట్లు, స్ట్రట్ బోల్టులు టార్క్ రించ్‌తో మళ్లీ చూడండి, పెయింట్ గీతలు జరిగాయేమో చూడండి. 500 కిలోమీటర్లకు స్ప్రింగులు కూర్చుంటాయి. హబ్ నుంచి ఫెండర్ కొలత మళ్లీ తీసుకుని, 3 మి.మీ. మించి మారితే టో తిరిగి కొలవాలి. దించాక హెడ్‌లైట్ల వెలుగు ఎక్కడ పడుతోందో గోడ మీద చూసి సవరించండి.

వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి ప్రతి టైరుకూ లోపల, మధ్య, బయట మూడు చోట్ల ట్రెడ్ లోతు గేజ్‌తో రాసుకోండి. లోపల ఒక్కటే నున్నగా, సమంగా తగ్గుతుంటే అది క్యాంబర్. అరచేతితో అడ్డంగా నిమిరితే ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపంలా గరుకుగా తగిలితే అది టో. కంటికి కనిపించకముందే చేతికి తెలుస్తుంది. తేడా 1 మి.మీ. దాటకముందే, టైరు ఒకే దిశలో తిరిగే రకం కాకపోతే, రిమ్ము మీద నుంచి విప్పించి లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి ఎక్కించుకోవచ్చు. లోపల, బయట అని పక్కన రాసి ఉన్న టైర్లకు ఇది కుదరదు.

కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. టైరు ఫెండర్ బయటికి రాకుండా చూసుకోండి, రిమ్ములు, స్ప్రింగులు మార్చిన సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. చెప్పకుండా దాచిన మార్పును ప్రమాదం తర్వాత సర్వేయర్ చూస్తే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది. పాత స్ప్రింగులు, పాత బోల్టులు, బంప్ స్టాపులు పేరు రాసి మూటకట్టి అటక మీద పెట్టండి. బండి అమ్మేటప్పుడు అడుగుతారు.